ఐకిడోలో దెబ్బల మీద షార్ట్ కోర్సు: వెళ్లొచ్చా?

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. దెబ్బల భాగానికి విడిగా మార్కులు వేయమంటే ఐదుకి ఐదు వేసేవాణ్ణి, గొడవ ముదరకుండా చూసుకోవడం గురించి చెప్పిన భాగానికి మూడు వేయాలన్నా చెయ్యి రావట్లేదు. కోర్సు ప్రకటనలో మాత్రం రెండిటికీ సమానంగా చోటిచ్చారు, అందుకే రివ్యూ కాస్త పొడుగైంది. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు: మీకు ఐకిడో (దాడిని తప్పుకుని, చెయ్యి తిప్పి పడేసే జపనీస్ యుద్ధకళ) ఇప్పటికే కొంత వచ్చి, మీ క్లాసులో దాడులన్నీ ఉత్తుత్తివే అనే అనుమానం ఉంటే వెళ్లండి. ఐకిడో అంటే ఏంటో తెలియకుండా, నాలుగు రోజుల్లో ఆత్మరక్షణ నేర్చేసుకుందాం అనుకునేవాళ్లయితే వద్దు. డోజో (శిక్షణశాల) పేరు కావాలనే రాయట్లేదు. ఫిర్యాదులు వాళ్లకే నేరుగా చెప్పాను. ఇలాంటి కోర్సు ఎక్కడ కనిపించినా అందులో ఏం చూసుకోవాలో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

కోర్సు వారాంతాల్లో నడుస్తుంది, మామూలు క్లాసులకి అదనం. ముందుకి దొర్లడం, వెనక్కి పడటం వచ్చి ఉండాలని షరతు పెట్టారు, అది మంచి షరతు, కానీ చేర్చుకునేటప్పుడు ఎవరూ పరీక్షించి చూడలేదు, దాని ఫలితం మ్యాట్ మీద కనిపించింది, అది తర్వాత చెప్తాను. నేర్పే సెన్సేయి (గురువు) ఐకిడోలో అన్నిటికన్నా పెద్ద సంస్థ అయిన ఐకికాయ్ పద్ధతిలో ఎదిగిన మనిషి. ఆయనకి సాయంగా కరాటే, బాక్సింగ్ రెండూ చేసిన ఒకాయన ఉన్నారు. ఆ రెండో మనిషి లేకపోతే ఈ కోర్సుకి నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

ఐకిడో చేయనివాళ్ల కోసం రెండు ముక్కలు. సాధన జంటగా ఉంటుంది. దాడి చేసి, చివరికి కింద పడే మనిషి ఉకే. టెక్నిక్ చేసే మనిషి నాగే. తర్వాత పాత్రలు మారతాయి. కెంజి తోమికి మొదలుపెట్టిన శాఖని పక్కన పెడితే చాలా శైలుల్లో పోటీలు లేవు. పోటీ లేదు కాబట్టి ఉకే ఎంత నిజంగా కొడుతున్నాడు అనేది పూర్తిగా అతని మనస్సాక్షికే వదిలేసినట్టు అవుతుంది, చాలా చోట్ల వ్యవహారం చెడేది అక్కడే.

ఎలా చెడుతుందో ఐకిడో చేసేవాళ్లకి తెలుసు, పైకి చెప్పరంతే. షోమెనుచి అంటే ఎదురుగా నెత్తి మీద కొట్టడం. ఉకే చెయ్యి బాగానే ఎత్తుతాడు, కానీ దించేది నాగే నెత్తి మీదకి కాదు, జానెడు ఇవతలకి. నాగే కదలకుండా అలాగే నిలబడినా ఏమీ తగలదు. యోకోమెనుచి, అంటే పక్క నుంచి కణతకో మెడకో వచ్చే దెబ్బ, దాన్ని ఎంత దూరం నుంచి తిప్పుకుంటూ తెస్తారంటే ఆలోపు నాగే మనసు మార్చుకుని వేరే టెక్నిక్ ఎంచుకోవచ్చు. ఇక త్సుకి. పొట్ట మీదకి ఒక గుద్దు గుద్ది, ఆ చేతిని వెనక్కి లాక్కోకుండా అలాగే చాచి ఉంచేస్తారు, పట్టుకుని తిప్పుకోమని అప్పజెప్పినట్టు. నాగే అందంగా తిరుగుతాడు, ఉకే అందంగా పడతాడు, బయట నుంచి చూసినవాళ్లు ఇదేదో డ్యాన్స్ అనుకుంటారు. అలా అనుకున్నవాళ్ల మీద మనకి కోపం రావడం అన్యాయం.

కోర్సు మొదలైంది సరిగ్గా ఈ పాయింట్ నుంచే. సెన్సేయి పెట్టిన మొదటి రూల్: నాగే కదలకపోతే దెబ్బ తగిలి తీరాలి. అంతే, వేరే ఏమీ లేదు. నాగేని కదలొద్దని నిలబెట్టి, ఉకేని నిదానంగా షోమెనుచి కొట్టి నుదుటికి చెయ్యి ఆనించి ఆపమన్నారు. వినడానికి చాలా తేలిక. చేస్తే సగం మంది చెయ్యి నుదుటిదాకా రాలేదు, వచ్చినవాళ్లలో కొందరు చెయ్యి అందించడం కోసం నడుము దగ్గర వంగిపోయి, తామే బ్యాలెన్స్ పోగొట్టుకున్నారు. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు, నల్ల బెల్టులు కూడా ఉన్నారు ఇందులో. అడుగు ముందుకి పడితే తప్ప అందని దూరంలో నిలబడి, అడుగు వేయకుండా కొట్టే అలవాటు అంత గట్టిగా పట్టేసింది.

దాని తర్వాతి డ్రిల్ నాకు మొత్తం కోర్సులోనే బాగా నచ్చింది. ఉకే కొట్టడం మొదలుపెట్టాక నాగే తప్పుకోవాలి. నాగే తొందరపడి ముందే కదిలేస్తే, ఉకే పాత చోటులో గాలిని కొట్టకూడదు, నాగే ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో అక్కడికే దెబ్బ తిప్పాలి. మామూలు క్లాసులో నాగే ముందే పక్కకి జరిగిపోతే ఉకే మర్యాదగా ఖాళీ చోటుని నరికి, ఆ తర్వాత పడిపోతాడు. ఇక్కడ ఆ మర్యాద తీసేశారు. తీసేసేసరికి ఎప్పుడు కదలాలి అనే ప్రశ్న నిజమైన ప్రశ్న అయి కూర్చుంది: ముందే కదిలితే దెబ్బ వెంటాడుతుంది, ఆలస్యమైతే తగులుతుంది, మధ్యలో ఉకే ఇక మనసు మార్చుకోలేని ఒక చిన్న క్షణం ఉంటుంది, బరువు ముందుకాలి మీదకి వచ్చేసి చెయ్యి దిగుతున్న క్షణం, కదలాల్సింది అప్పుడే. ఇరిమి అని దాడి గీత పక్కగా లోపలికి చొచ్చుకెళ్లినా, టెన్కాన్ అని పక్కకి తిరిగినా ఆ క్షణం దొరకకపోతే రెండూ ఒట్టి అడుగులే. నాకు తెలిసిన ఐకిడో క్లాసుల్లో ఈ సంగతి మాటల్లో చాలామంది చెప్తారు, ఒంటికి తెలిసేలా చేసిన డ్రిల్ మాత్రం ఇదే.

ఇక్కడ ఒకతను అందరి తరఫునా అడగాల్సింది అడిగేశాడు: అసలు బయట ఎవడైనా షోమెనుచి కొడతాడా? సెన్సేయి తప్పించుకోలేదు. షోమెనుచి, యోకోమెనుచి కత్తి నరుకుల నుంచి వచ్చినవి, చేతి అంచుని కత్తి అంచుగా వాడతాం, ఖాళీ చేతుల గొడవలో ఆ రూపంలో అవి దాదాపు కనిపించవు అని ఒప్పుకుని, చేతికి బొక్కెన్ ఇచ్చి అవే దెబ్బలు మళ్లీ చేయించారు. చెక్క కత్తి నెత్తి మీదకి వస్తుంటే దూరం, కోణం మీద మనిషికి ఎక్కడలేని శ్రద్ధ వస్తుంది. జపాన్‌లోని ఇవామాలో ఐకిడో స్థాపకుడు మోరిహెయ్ ఉయెషిబా దగ్గర ఏళ్ల తరబడి ఉన్న మోరిహిరో సైతో కత్తి, కర్ర, ఖాళీ చేతులు మూడిటినీ ఒకే పాఠంగా నేర్పడానికి కారణం నాకు ఆ పూట అర్థమైంది. తర్వాత బాక్సింగ్ ఆయన ముందుకొచ్చి, యోకోమెనుచి వచ్చే దారినే హుక్ (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే పంచ్) వస్తుంది గానీ చాలా దగ్గర నుంచి, చాలా పొట్టిగా వస్తుంది, భుజం కదలడం తప్ప ముందుగా ఏమీ కనపడదు అని చూపించారు. కాబట్టి పై నుంచి, పక్క నుంచి, తిన్నగా వచ్చే మూడు దారులు నేర్చుకోవడానికి ఈ దాడులు పనికొస్తాయి, ఈ దాడులే వస్తాయని అనుకుంటే మాత్రం పనికిరావు. ఈ తేడా ఒప్పుకున్న ఐకిడో టీచర్ దొరకడం అదృష్టం.

జాబ్ (బాక్సింగ్‌లో ముందుచేత్తో తిన్నగా వేసే పొట్టి పంచ్) గురించి కూడా దాచకుండా చెప్పారు. కొట్టి వెంటనే వెనక్కి లాగేసే చేతిని పట్టుకుని కోతెగాయెషి (మణికట్టు బయటికి తిప్పి పడేయడం) చేయాలనుకోవడం వృథా, ఆ చేతిని వెతుక్కుంటూ ఉంటే రెండో చెయ్యి మన మొహాన్ని వెతుక్కుంటుంది. గ్లవ్స్ వేసుకుని ప్రయత్నించమన్నారు, ప్రయత్నించాం, ఎవరికీ దొరకలేదు. (ఆ గ్లవ్స్ గురించి ఒక్కమాట: అందరూ వాడే గ్లవ్స్, వాసన భరించలేం, మీ సొంతవి ఉంటే పట్టుకెళ్లండి.) మరి ఏం చేయాలి? చెయ్యి అందే దూరంలో నిలబడకపోవడం. కంటికి కనపడినదానికి మనిషి స్పందించడానికి సుమారు పావు సెకను పడుతుంది, చెయ్యి చాస్తే అందే దూరం నుంచి వచ్చే పంచ్‌కి దాదాపు అంతే టైమ్, ఒక్కోసారి అంతకన్నా తక్కువే. అంటే ఆ దూరంలో నిలబడి చూసి తప్పుకుందాం అనుకున్నవాడు లెక్కప్రకారమే ఓడిపోయాడు. ఎదుటివాడు ఒక అడుగు వేస్తేనే అందేలా ఉంటే ఆ అడుగు మనకి కనిపిస్తుంది, ఆ అడుగే మనకి దొరికే టైమ్. మఆయి అని జపనీస్‌లో అనే ఈ దూరం సంగతి ఐకిడోలో మొదటి రోజే చెప్తారు, కానీ ఎదురుగా గ్లవ్స్ వేసుకున్న మనిషి నిజంగా దగ్గరికి వస్తుంటే తప్ప దాని విలువ తలకెక్కదు. జంటగా మ్యాట్ అంతా తిరుగుతూ, ఒకరు దూరం తగ్గించాలని, ఇంకొకరు తగ్గకుండా చూడాలని ఆడే ఆట ఒకటి పెట్టారు. దానికి ఇచ్చిన టైమ్ సరిపోలేదు. కోర్సు మొత్తం అదొక్కటే ఆడించినా నేను ఫీజు వృథా అయిందని అనేవాణ్ణి కాదు.

అతెమి సంగతికొద్దాం, చాలామంది చేరింది దీని కోసమే. అతెమి అంటే నాగే కొట్టే దెబ్బ, టెక్నిక్ మొదట్లోనో మధ్యలోనో. ఐకిడో శాంతి కోసం కదా, కొట్టడమేంటి అని ఇబ్బంది పడేవాళ్లు ఒకపక్క, అతెమి లేని ఐకిడో ఐకిడోనే కాదు అనేవాళ్లు ఇంకోపక్క, రెండు వర్గాలూ బ్యాచ్‌లో ఉన్నాయి. రెండో వర్గం వాళ్ల దగ్గర ఎప్పుడూ ఒక అంకె రెడీగా ఉంటుంది. 1930లలో ఉయెషిబా దగ్గర నేర్చుకుని, 1955లో యోషిన్‌కాన్ అనే సొంత శాఖ పెట్టిన గోజో షియోదా, నిజమైన పోరులో ఐకిడో 70 శాతం అతెమి, 30 శాతం విసరడం అని గురువుగారు చెప్పేవారని రాశారు. దాన్ని ఎవరో కొలిచి తేల్చిన లెక్కలా వాదించడం నాకు నవ్వొస్తుంది, కానీ రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఉయెషిబా నేర్పిన పద్ధతిలో దెబ్బకి పెద్ద చోటే ఉందన్నది మాత్రం వాస్తవం. 1938 నాటి శిక్షణ పుస్తకంలో షోమెనుచి ఇక్క్యో (మోచెయ్యి దగ్గర అదిమి చేతిని కిందకి తీసుకెళ్లే టెక్నిక్) చూస్తే అటువైపు దెబ్బ కోసం ఎదురుచూడటం కనిపించదు, టెక్నిక్ చేసేవాడే ముందు చెయ్యి ఎత్తి ఎదుటివాడి మొహం మీదకి వెళ్తాడు. ఎదుటివాడు కాచుకోవడానికి చెయ్యి ఎత్తుతాడు, ఆ ఎత్తిన చెయ్యే ఇక్క్యోకి దొరుకుతుంది.

ఈ ఇక్క్యోని సెన్సేయి రెండు రకాలుగానూ చేయించారు, ఆగి చేసేదీ, మనమే మొదలుపెట్టేదీ. రెండోది చేస్తుంటే శాంతి వర్గం మొహాలు చూడాలి. మనమే ముందు కొడుతున్నాం కదా, ఇది గొడవ తప్పించడం ఎలా అవుతుంది? మంచి ప్రశ్న. సెన్సేయి జవాబు నాకు సగం నచ్చింది: అవతలివాడి ఉద్దేశం తేలిపోయాక, చెయ్యి ఇంకా లేవకముందే చొరవ తీసుకోవడానికి, ఊరికే నిలబడ్డవాడి మీద పడటానికి తేడా ఉందన్నారు. నిజమే, ఉంది. కానీ ఆ ఉద్దేశం తేలిపోయిందని ఎలా తెలుస్తుంది, దేన్ని చూసి తెలుస్తుంది అనేదే కదా అసలు నేర్చుకోవాల్సింది, దాని జోలికి ఆయన పోలేదు.

అతెమి ఏం పని చేస్తుందో చూపించడం మాత్రం అద్భుతం. ఒక్కో టెక్నిక్‌ని సగంలో ఆపించి, ఇప్పుడు నీ ఖాళీ చేతితో ఉకే మొహం అందుతుందా, ఉకే ఖాళీ చేతితో నీ మొహం అందుతుందా అని అడిగేవారు. మొదటిదానికి జవాబు ‘అందదు’, రెండోదానికి ‘అందుతుంది’ అయితే టెక్నిక్ ఎంత అందంగా ఉన్నా నిలబడిన చోటు తప్పు. షిహోనాగేలో (చెయ్యి మడిచి భుజం వెనక్కి తెచ్చి పడేసే విసురు) చాలామంది ఇక్కడే దొరికిపోయారు. రెండు చేతులూ ఉకే మణికట్టుకే అంకితం చేసి, అతని రెండో చేతికి ఎదురుగా నిలబడుతున్నారు. యోకోమెనుచి నుంచి వెళ్లేటప్పుడు ఒక చెయ్యి దెబ్బ వెంట వెళ్తుంటే రెండోది ఉకే మొహం ముందు ఉంటే చాలు, ఉకే తల కొంచెం వెనక్కి వాలుతుంది, తల వాలితే నడుము పైన నిలకడ పోతుంది, అప్పటిదాకా కుస్తీ పట్టినా కదలని చెయ్యి తేలిగ్గా వచ్చేస్తుంది. కొట్టక్కర్లేదు, ఆ చెయ్యి అక్కడ ఉందని ఉకేకి తెలిస్తే చాలు. చొక్కా భుజం దగ్గర పట్టుకున్నప్పుడు చేసే నిక్యోలో (మణికట్టు లోపలికి మడిచే లాక్) కూడా అంతే, ముందు కళ్ల వైపు ఒక చిన్న విసురు లేకపోతే బలం ఉన్న మనిషి పట్టు వదలడు. ఇరిమినాగే, తెన్‌చినాగే అనే విసుర్లలో పైకి వెళ్లే చెయ్యి గడ్డం దారిలోనే వెళ్తుంది, అది ఎందుకలా వెళ్తుందో ఎప్పుడూ అడగని వాళ్లం చాలామంది ఉన్నాం.

అయితే అతెమి అంటే పెట్టడమే, కొట్టడం కాదు అన్న సెన్సేయి మాటని పూర్తిగా ఒప్పుకోలేను. ఎప్పుడూ దేన్నీ కొట్టని చెయ్యి బెదిరించినా ఎదుటివాడు బెదరడు. ఈ లోటు తీర్చింది బాక్సింగ్ ఆయనే. ప్యాడ్‌లు పట్టుకుని అందర్నీ వరసగా కొట్టమన్నారు. ఐకిడోలో పాతకాపులు కూడా గుప్పిట సరిగా బిగించకుండా, మణికట్టు వంచి కొట్టారు, ఒకరిద్దరికి నొప్పి కూడా చేసింది. అలవాటు లేని గుప్పిటతో తలమీద కొడితే చిటికెన వేలి వెనక ఎముక విరగడం మామూలు విషయం, అందుకే అరచేతి మడమతో కొట్టమన్నారు, అది అప్పటికప్పుడే చాలామందికి కుదిరింది. చేతి కన్నా ముందు నడుము తిరగాలి, అడుగు పడటం, చెయ్యి చేరడం ఒకేసారి జరగాలి అని చెప్పి ఒక్కొక్కరినీ దిద్దారు. ఇది ఇంకో రెండు సెషన్లు ఉండాల్సింది.

ఇప్పుడు మార్కులు పోయిన చోటు. గొడవ ముదరకుండా చూసుకోవడం అనే భాగంలో మ్యాట్ మీద చేయించినంతవరకు బాగుంది. రెండు అరచేతులూ ఛాతీ ఎత్తులో ముందుకి చాచి, అయ్యా ఆగండి, నాకు గొడవ వద్దు అన్నట్టు నిలబడాలి, ఒక కాలు కొద్దిగా వెనక్కి. చూసేవాళ్లకి బతిమాలుతున్నట్టు ఉంటుంది, నిజానికి అది హన్మి, ఐకిడోలో రోజూ నిలబడే భంగిమే, పైగా చేతులు అప్పటికే మధ్యలో ఉన్నాయి కాబట్టి దెబ్బ వస్తే ఎక్కడి నుంచో ఎత్తుకు రావక్కర్లేదు. అవతలి మనిషి దగ్గరికొస్తే తిన్నగా వెనక్కి వెళ్లొద్దు, గోడకి తగులుతారు, పక్కకి వంపు తిరుగుతూ తలుపు వైపు రావాలి. చేతుల్ని చూడొద్దు, ఛాతీ మీద చూపు ఉంచితే భుజాలు, నడుము అన్నీ కనిపిస్తాయి. గొంతు పెంచొద్దు, పదిమంది ముందు అతని పరువు పోయేలా మాట్లాడొద్దు, వెనక్కి తగ్గడానికి అతనికో దారి వదలాలి. ఇవన్నీ మంచి మాటలే, వీటిలో ఒక్కదానికీ నల్ల బెల్టు అక్కర్లేదు.

మిగతాదంతా ఉపన్యాసం. అందర్నీ కూర్చోబెట్టి స్లైడ్లు వేసి, సామరస్యం, విశ్వశక్తి, శత్రువుని ప్రేమించడం అంటూ చాలాసేపు లాగారు. ఉయెషిబా జీవితంలో ఆ ఆధ్యాత్మిక కోణం ఉందని నాకు తెలుసు, దాని మీద గౌరవం ఉంది. కానీ ఒక మనిషి మొహం మీద మొహం పెట్టి అరుస్తున్నప్పుడు నోటికి ఏ మాట రావాలి అని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకి అది జవాబు కాదు. రోల్‌ప్లే అని పెట్టారు, అందులో గొడవపడాల్సిన అసిస్టెంట్ ఎంత మర్యాదస్తుడంటే, ఏమండీ మీరు నన్ను నెట్టారు అని నిదానంగా అన్నాడు. ఎవరికీ గుండె వేగం పెరగలేదు. తిట్టలేదు, నెట్టలేదు, సొంతంగా తనే మాట మార్చి రెచ్చగొట్టలేదు. అసలు గొడవలో టెన్షన్‌కి చేతులు వణుకుతాయి, చూపు ఇరుకైపోయి పక్కన ఏముందో కనపడదు, నోరు ఎండుతుంది, వేళ్లతో చేసే సున్నితమైన పనులు మొదట చెడతాయి. నాగేకి మణికట్టు పట్టుకోవడం అప్పుడెలా కుదురుతుంది? ఈ ప్రశ్న ఒకామె అడిగితే, సాధన చేస్తే అదే వస్తుందన్నారు. దెబ్బల విషయంలో కదలకపోతే తగలాలి అని అంత నిజాయితీగా రూల్ పెట్టిన మనిషి, మాటల దగ్గరికి వచ్చేసరికి జానెడు ఇవతల ఆగిపోయారు. షోమెనుచికి పెట్టిన రూలే తిట్టుకీ పెట్టాల్సింది, అవతలివాడి మాట నిజంగా గుచ్చుకుంటేనే మనం దాన్ని వదిలేయడం నేర్చుకుంటాం.

కింద పడేశాక ఏం చేయాలి అనేదీ గాలికొదిలేశారు. బోర్లా పడుకోబెట్టి చెయ్యి లాక్ చేశాం, సరే. ఎంతసేపు? లొంగిపోయినవాడి చెయ్యి ఇంకొంచెం తిప్పితే అది ఆత్మరక్షణ అనిపించుకోదు. అతని స్నేహితుడు పక్కనే ఉంటే లాక్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చోవడం తెలివైన పనేనా? ఎక్కువ మంది దాడి చేసే రండోరి ఒకటి చేయించారు గానీ దాన్ని చివర్లో హడావుడిగా ముగించారు, దాని గురించి రాయడానికి కూడా ఏమీ లేదు.

కత్తి దాడుల మీద మాత్రం సెన్సేయికి దండం పెట్టాలి. చెక్క టాంటో (పొట్టి కత్తి) పట్టుకుని పొడిచే దాడికి కోతెగాయెషి అందంగా చేసి చూపించి, ఇది దూరం నేర్చుకోవడానికి, బయట కత్తి చూస్తే పారిపోండి అని చెప్పారు. ఇక్కడే తోమికి శాఖ నుంచి ఒకటి అరువు తెచ్చుకుంటే బాగుండేది. వాళ్ల పోటీలో ఒకరి చేతిలో మెత్తటి టాంటో ఉంటుంది, వాడు నిజంగా పొడవాలని చూస్తాడు, సరిగ్గా తగిలితే పాయింట్, ఖాళీ చేతులతో ఉన్నవాడు తప్పుకుని టెక్నిక్ చేయాలి, సగంలో టాంటో రెండోవాడి చేతికి మారుతుంది. ఎంతమంది ఎన్నిసార్లు పొడిపించుకుంటారో ఒక్కసారి చూస్తే పారిపోండి అన్న సలహా ఎందుకిచ్చారో ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది.

భద్రత సంగతి. మ్యాట్ సైజుకి మించి మనుషుల్ని చేర్చుకున్నారు. ఒక జంట విసిరిన ఉకే ఇంకో జంట కాళ్ల మీద పడటం మామూలైపోయింది. వెనక్కి పడటం సరిగా రానివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వాళ్లతోనే షిహోనాగే వేగంగా చేయించారు, ఆ టెక్నిక్‌లో ఉకే తిన్నగా వెనక్కి పడతాడు, చెయ్యి నాగే దగ్గరే ఉండిపోవడం వల్ల తల నేలకి తగిలే ప్రమాదం ఎక్కువ. నేను చెప్పాక వేగం తగ్గించారు, అంతవరకు మెచ్చుకోవాలి, కానీ ఒకరు చెప్పేదాకా ఆగకూడదు. గ్లవ్స్‌తో మొహం మీదకి దెబ్బలు వచ్చే డ్రిల్‌కి మౌత్‌గార్డ్ తప్పనిసరి చేయలేదు. అసిస్టెంట్లు మాత్రం బాగా చూసుకున్నారు, ట్యాప్ చేస్తే, అంటే ఇక చాలని చేత్తో తడితే, వెంటనే వదలని ఒకతన్ని పక్కకి పిలిచి గట్టిగానే చెప్పారు, ఆ తర్వాత అతనితో జత కట్టడానికి ఎవరూ భయపడలేదు.

ఇంకా చిన్న చిన్నవి: టైమ్ మారితే మెసేజ్ ఆలస్యంగా వస్తుంది, బట్టలు మార్చుకునే గది ఇరుకు, బొక్కెన్లు మాత్రం మంచివి, పెచ్చులు లేచినవి ఒక్కటీ లేదు.

చేరాలనుకుంటే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ప్యాడ్‌ల సెషన్ ఎవరు తీసుకుంటారు, మ్యాట్ మీద ఒకేసారి ఎన్ని జంటలు ఉంటాయి, రోల్‌ప్లేలో ఎదుటి పాత్ర వేసేది ఎవరు. మొదటిదానికి ఆ కరాటే, బాక్సింగ్ ఆయన లేరని చెప్తే తర్వాతి బ్యాచ్‌కి ఆగండి. ఐకిడో కాకుండా కరాటేనో జూడోనో చేసేవాళ్లకి కూడా దూరం మీద ఉన్న సెషన్లు పనికొస్తాయి, జూడోవాళ్లకి పడటం ఎలాగూ వచ్చే ఉంటుంది. రెండో విడత పెడతామని అంటున్నారు. మాటల భాగానికి స్లైడ్లు తీసేసి, గట్టిగా తిట్టగలిగే మనిషిని ఎవర్నైనా తీసుకురమ్మని ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాసిచ్చాను, చూస్తామన్నారు, ఇంకా జవాబు రాలేదు. వస్తే ఇక్కడే కింద రాస్తాను.